దారం కాసిన చెట్టు

మా ఆయన రిటైరయిన దగ్గర్నుంచీ ఇంట్లో గోడలకు మనశ్శాంతి లేకుండా పోయింది. ఢిల్లీలో, ద్వారక కాలనీలో ఈ ఫ్లాటు కొని ఇరవై ఏళ్ళు దాటింది. ఇన్నేళ్ళలో ఆయన తన చేత్తో ఒక్క మేకు కొట్టిన పాపాన పోలేదు. దేవుడు చేతులిచ్చింది ఫైళ్ళ మీద సంతకాలు పెట్టడానికేనని నమ్మిన మనిషి. అలాంటిది ఇప్పుడు ఫోనులో వీడియోలు చూసి, డ్రిల్లింగ్ మిషను కొనుక్కొచ్చి, పొద్దున్న కాఫీ గ్లాసు కింద పెట్టీ పెట్టకముందే "లలితా, ఈ గోడకి ఏం పెడదాం?" అని మొదలుపెడతారు. పెట్టడానికి ఇంకా గోడంటూ మిగలాలిగా! పోయిన వారం బాల్కనీలో కుండీల కోసం ఒక షెల్ఫు బిగించారు. అది ఎంత ముచ్చటగా కుదిరిందంటే, ఒక కొసన నిమ్మకాయ పెడితే ఎవరూ తొయ్యకుండానే దొర్లుకుంటూ రెండో కొసకి వెళ్ళి కింద పడుతుంది. ఆ ప్రయోగం ఆయన ఎదురుగానే మూడుసార్లు చేసి చూపించాను. ఆయన మొహం చిన్నబుచ్చుకుని, "షెల్ఫు బాగానే ఉంది, గోడలోనే తేడా ఉంది" అన్నారు.

లోపలి గదిలోంచి మా అమ్మ కిసుక్కున నవ్వింది. అమ్మకి ఎనభై నాలుగేళ్ళు, మా దగ్గరే ఉంటుంది. చెవులు సరిగా పనిచెయ్యడం లేదని డాక్టరు చెప్పాడు గానీ, అల్లుణ్ణి నేను ఏడిపించే మాటలు మాత్రం ఎంత గొణిగినా ఆవిడకి వినిపిస్తాయి. "పోనీలేవే, పాపం. మీ నాన్నగారు అసలు గోడనే ముట్టుకునేవారు కాదు, నయం కదూ" అంది. మళ్ళీ తనే, "సరోజినీ నగర్లో మన పాత క్వార్టర్ల లైను కూల్చేస్తున్నారట. కూల్చేలోపల ఒక్కసారి తీసుకెళ్ళు. ఆ చెట్టుని చూసి రావాలి" అంది. ఏ చెట్టని నేను అడగలేదు. ఆ చెట్టు సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని అప్పటిదాకా నా నమ్మకం.

నాన్నగారు తెనాలి దగ్గర పల్లెటూరి నుంచి వచ్చి ఢిల్లీలో సెంట్రల్ గవర్నమెంటు ఉద్యోగంలో చేరారు. సరోజినీ నగర్లో కింది అంతస్తు క్వార్టరు వచ్చింది. రెండు గదులు, ఒక వంటిల్లు, వెనక ఆంగన్ అనే సిమెంటు పెరడు, దాని పక్కన ఒక మంచమంత మట్టి నేల. ఇంట్లో అడుగుపెట్టిన రోజే నాన్నగారు ఒక నియమం పెట్టారట. ఇది సర్కారు వారి ఇల్లు, మనకిచ్చినప్పుడు ఎలా ఉందో వెళ్ళేటప్పుడు అలాగే అప్పజెప్పాలి, కాబట్టి గోడకి మేకు కొట్టకూడదు, నేలలో గుంట తియ్యకూడదు. అలాగని ఊరికే కూర్చునే మనిషా అంటే అదీ కాదు. ఆయనకి ఇల్లు బాగుచెయ్యడమంటే పిచ్చి. ఆదివారం వచ్చిందంటే లుంగీ ఎగగట్టి, ముక్కుపొడుం పట్టించి, "ఇవాళ ఒక ఇంప్రూవ్‌మెంటు" అనేవారు. ఆ మాట వినగానే అమ్మ వంటింట్లో గిన్నెలన్నీ వెనక్కి జరుపుకునేది.

ఆయన ఇంప్రూవ్‌మెంట్లన్నీ టెంపరరీ. ఆ మాట ఆయన ఊతపదం. ఇటుకల మీద పలకలు పేర్చి పుస్తకాల అలమరా కట్టారు. మా అన్నయ్య తుమ్మినప్పుడల్లా అది ఊగేది. రెండు గదుల మధ్య కర్ర లేకుండా, కిటికీ ఊచ నుంచి తలుపు గొళ్ళేనికి తాడు కట్టి కర్టెను వేలాడదీశారు. ఎవరైనా తలుపు తీస్తే కర్టెను నేల మీదికి దిగొచ్చేది. వంటింటి తూములోంచి వచ్చే బియ్యం కడిగిన నీళ్ళు మొక్కలకి పారేలా చీల్చిన వెదురుబొంగుతో ఒక కాలువ కట్టి, దానికి 'ఇరిగేషన్' అని పేరు పెట్టారు. మొదటి రోజే ఆ నీళ్ళు మొక్కల్ని వదిలేసి పక్కింటి బిమ్లా ఆంటీ ఆరేసుకున్న అప్పడాల్లోకి వెళ్ళాయి. మొక్కలు కూడా నేలలో కాదు, డాల్డా డబ్బాల్లో. వంకాయ, మిరప, బంతి, అన్నీ డబ్బాల్లోనే బతికాయి, డబ్బాల్లోనే పోయాయి. ఇవి చాలవన్నట్టు, ఆఫీసు అలవాటు కొద్దీ, కనిపించిన ప్రతి వస్తువుకీ పచ్చ ఎనామెల్ పెయింటుతో పేరు రాసేవారు. స్విచ్చుల మీద 'ఫ్యాను', 'లైటు' అని రాశారంటే అర్థం ఉంది. నీళ్ళ బిందె మీద 'నీళ్ళు' అని రాసినప్పుడు అమ్మ నెత్తి కొట్టుకుంది.

ఆవిడ ఇవన్నీ భరించింది. ఒక్క విషయంలో మాత్రం మొండికేసింది. ఆ రోజుల్లో కరివేపాకు మా వైపు కూరగాయల బళ్ళ మీద కనిపించేది కాదు. ఐఎన్ఏ మార్కెట్టులో మద్రాసీ సామాన్ల కొట్లో వారానికొకసారి దొరికేది, అదీ వాడిపోయి. ఊరి నుంచి ఎవరైనా రైల్లో వస్తుంటే, మిగతావాళ్ళు స్వీట్లు తెమ్మని రాసేవారు, మా అమ్మ తడిగుడ్డలో చుట్టి కరివేపాకు తెమ్మని రాసేది. అలా వచ్చిన ఆకు తాలింపులో పడ్డప్పుడు ఆవిడ మూకుడు మీదికి వంగి కళ్ళు మూసుకుని ఒక్క క్షణం నిలబడిపోయేది. మేము ఆకలని అరుస్తున్నా పలికేది కాదు.

ఒక ఆదివారం నాన్నగారు ఇంకో డాల్డా డబ్బాకి చిల్లులు పొడుస్తుంటే అమ్మ వచ్చి ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"ఏవండీ, ఈ డబ్బాల్లో మీరేం పెంచుకున్నా నేను కాదనను. నాకు మాత్రం ఒక్క కరివేప మొక్క నేలలో పాతి పెట్టండి."

"నేలలో పాతితే రేపు ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఎలా పట్టుకెళ్తామోయ్?"

"పట్టుకెళ్ళక్కర్లేదు. అదైనా ఇక్కడ ఉండనీండి. పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నాను, ఇంట్లో అలమరా టెంపరరీ, కర్టెను టెంపరరీ, వంకాయ మొక్క టెంపరరీ. చూసి చూసి నేను కూడా టెంపరరీయేమో అనిపిస్తోంది."

నవ్వుతూనే అంది గానీ, పీట మీంచి మాత్రం లేవలేదు. నాన్నగారు డబ్బా కింద పెట్టి, ముక్కుపొడుం డబ్బీ తీసి, మూత పెట్టి, మళ్ళీ తీశారు. తర్వాత చొక్కా వేసుకుని, "పద లలితా, నర్సరీకి వెళ్దాం" అన్నారు. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు.

నాన్నగారి హిందీ గురించి ఇక్కడ చెప్పక తప్పదు. ఆయన హిందీ మాట్లాడేవారు కాదు, తెలుగుని అప్పటికప్పుడు హిందీలోకి మార్చేవారు. దారి పొడుగునా నాకు పాఠం చెప్పుకొచ్చారు. "చూడమ్మా, కరివేపాకు అంటే ఏమిటి? కరి అంటే నలుపు. వేప అంటే నీమ్. ఇక పెద్ద కష్టమేముంది?" నర్సరీలో మాలీ ముందు నిలబడి, నడుం మీద చెయ్యేసుకుని, "భయ్యా, కాలా నీమ్ హై?" అన్నారు.

"కాలా నీమ్? వో క్యా హోతా హై, సాబ్?"

"నీమ్ జైసా పత్తా. లేకిన్ నీమ్ నహీ."

మాలీ మొహం వెలిగిపోయింది. "అచ్ఛా అచ్ఛా! సమఝ్ గయా, సాబ్." రెండు జానల మొక్క తెచ్చి చేతిలో పెట్టాడు. హిందీవాళ్ళు కరివేపాకుని మీఠా నీమ్ అంటారు. మనకి నల్లగా కనబడ్డది వాళ్ళకి తియ్యగా తోచింది, అంతే తేడా. ఆ ఒక్క మాట తెలిసుంటే ఈ కథే లేదు. అప్పుడు నాకూ తెలియదు. నాన్నగారు ఆ మొక్కని బస్సులో పసిపిల్లవాడిలా ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు.

వెనక మట్టి నేలలో ఆయనే గునపం పట్టి గుంట తవ్వారు. మధ్యమధ్యలో ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసేవారు, దొంగతనం చేస్తున్నట్టు. మొక్క నాటి, నీళ్ళు పోసి, అమ్మని పిలిచారు. అమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుని వచ్చి, ఒక ఆకు తుంపి, నలిపి, వాసన చూసింది. ఆవిడ కళ్ళు ఒక్కసారి పెద్దవయ్యాయి. మళ్ళీ చూసింది.

"ఎలా ఉంది వాసన?" అన్నారు నాన్నగారు. ఆయనకి తెలిసే దారి లేదు. ముక్కుపొడుం ఆ ముక్కుని ఎప్పుడో పెన్షనిచ్చి పంపించేసింది. పోనీ ఆకుని చూసి పోల్చుకోలేకపోయారా అంటే, భోజనంలో కరివేపాకు ఏరి కంచం అంచున పెట్టడమే తప్ప, దాని మొహం ఎప్పుడైనా సరిగ్గా చూశారా ఆయన?

"బ్రహ్మాండంగా ఉందండీ" అంది అమ్మ.

నాన్నగారు స్నానానికి వెళ్ళాక అమ్మ నన్ను వంటింట్లోకి లాగింది. "అది కరివేపా కాదు, నా మొహమూ కాదు. కొండవేప. మీ నాన్నగారికి చెప్పావంటే వీపు చిట్లగొడతాను." ఎందుకు చెప్పకూడదన్నాను. "నా కోసం మొదటిసారి ఆయన గవర్నమెంటు నేలలో గునపం దించారే. ఇప్పుడు తప్పని చెబితే ఈ జన్మలో ఇంకో గుంట తవ్వరు" అంది.

ఆ మొక్క ఏం తిని పెరిగిందో గానీ రెండేళ్ళలో గోడ దాటింది. నాన్నగారు డాల్డా డబ్బా మూత సాపు చేసి, దాని మీద పచ్చ పెయింటుతో 'కరివేపాకు' అని రాసి, చెట్టుకి మేకు కొట్టి బిగించారు. ఆ ఇంట్లో ఆయన కొట్టిన మేకు అదొక్కటే. రోజూ ఆఫీసుకి వెళ్ళేముందు నాలుగు రెబ్బలు తుంపి, వంటింటి గట్టు మీద పెట్టి వెళ్ళేవారు. ఆయన వీధి మలుపు తిరగ్గానే అవి చెత్తబుట్టలోకి వెళ్ళేవి. బిమ్లా ఆంటీ ఐఎన్ఏ వైపు వెళ్ళినప్పుడు అమ్మ రహస్యంగా తెప్పించుకున్న ఎండు కరివేపాకు చారులోకి వెళ్ళేది. "మన చెట్టుదేనా?" అని అడిగేవారు నాన్నగారు. "మరి!" అనేది అమ్మ. ఆయన తృప్తిగా తలాడించి ఆ ఆకుని ఏరి అంచున పెట్టేవారు.

మూడో ఏడు ఎండలు ముదిరే ముందు చెట్టు నిండా లేత ఊదారంగు పూలు పూశాయి. ఆంగనంతా వాసన. నాన్నగారూ నేనూ వెనక నిలబడి ఉంటే బిమ్లా ఆంటీ గోడ మీంచి తల పెట్టింది. "భాయీ సాబ్, ఆప్ కీ బకైన్ కిత్నీ సుందర్ ఖిలీ హై! బస్, బచ్చోం కో బోల్‌నా, ఫల్ న ఖాయేఁ. జహర్ హోతా హై."

"బకైన్?" అన్నారు నాన్నగారు. అమ్మ కొండవేప అన్నదాన్నే హిందీలో బకైన్ అంటారు. ఆంటీ ఆ చెట్టు సంగతంతా చెప్పింది. ఇది నీమ్ కి చుట్టమే గానీ నీమ్ కాదు, కాయలు విషం, వంటకి పనికిరాదు. నాన్నగారు వింటూ "అచ్ఛా... అచ్ఛా..." అన్నారు. ఆంటీ లోపలికి వెళ్ళాక వంటింటి కిటికీ వైపు చూశారు. లోపల అమ్మ మెంతులు వేయిస్తోంది. ఆయన మొహం అంత దిగాలుగా నేను ఎప్పుడూ చూడలేదు, నాకు ఏడుపొచ్చింది.

"మీ అమ్మకి తెలుసా?" అన్నారు మెల్లిగా.

నా వీపు నాకు గుర్తొచ్చింది. "తెలీదు నాన్నగారూ."

"చెప్పకు. తన చెట్టని ఎంత మురిసిపోతోందో. నాకు మాటివ్వు." చేతిలో చెయ్యి వేయించుకున్నారు.

కానీ లైన్లో పిల్లలు కాయలు తింటే ప్రమాదం. అందుకని ఆ ఆదివారం స్టూలు వేయించి, డబ్బా మూత మీద తెలుగు మాట కింద హిందీలో ఒక వాక్యం రాశారు. స్టూలు పట్టుకున్నది నేను, అక్షరాలు చెప్పింది నేను. ఇది బకైన్, దీని పళ్ళు తినవద్దు అని. అమ్మ బయటికొచ్చి ఏమిటది అంటే, "హిందీలో కూడా కరివేపాకు అని రాశానోయ్, పదిమందికీ తెలియాలి కదా" అన్నారు. అమ్మకి హిందీ మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. "బాగుంది" అని లోపలికి వెళ్ళింది.

అప్పటి నుంచి శనివారాలు మారిపోయాయి. నాన్నగారు ఆఫీసు నుంచి ఐఎన్ఏ మీదుగా వచ్చేవారు. సంచీ చంకలో పెట్టుకుని ముందు గుమ్మంలోంచి కాక వెనక దారిన వచ్చి, స్టూలెక్కి కొమ్మల్ని గలగలలాడించేవారు. తర్వాత గుప్పెడు నిగనిగలాడే కరివేపాకుతో వంటింట్లోకి వచ్చి, "ఇదిగో, ఇప్పుడే కోసుకొచ్చాను" అనేవారు. ఆ గుప్పెడుకి కొట్టువాడు కట్టిన తెల్ల దారం అలాగే ఉండేది! చెట్టుకి ఆకుతోపాటు దారం కూడా కాస్తుందన్నమాట. అమ్మ ఆ దారం విప్పి, వేలికి చుట్టి, కిటికీ దగ్గర సీసాలో వేసేది. పెద్దయ్యాక ఆలోచిస్తే, ఆయనకి నిజం తెలిసిపోయిందని అమ్మకి తెలియకుండా ఉంటుందా అని నాకే అనుమానం వచ్చింది. కానీ అడగాలంటే నాన్నగారికిచ్చిన మాట అడ్డొచ్చేది.

టెంపరరీ అంటూ ఆ క్వార్టర్లో ఇరవై రెండేళ్ళున్నాం. ఆ తప్పుడు చెట్టు మాకు మేలే చేసింది, నిజం చెప్పొద్దూ. మే నెలలో ఆంగనంతా నీడ, చలికాలం ఆకులన్నీ రాల్చేసి మాకు ఎండ వదిలేది. ఆ శనివారాల్లో కూడా నాన్నగారు ఉత్త కొమ్మల్ని గలగలలాడించి కరివేపాకు కోసుకొచ్చేవారు. ఆ ఎండలో అమ్మ వడియాలు పెట్టేది, మాకు తలలు దువ్వేది. నాన్నగారు రిటైరై చిన్న సొంత ఫ్లాటు కొనుక్కున్నారు. గోడలన్నీ ఆయనవే, కానీ మేకు మీద సుత్తి ఎత్తేసరికి చెయ్యి ఆగిపోయేది. నాన్నగారు పోయాక అమ్మ మా దగ్గరికి వచ్చేసింది. ఇప్పుడు ఫోనులో కూరలు తెప్పించుకుంటే పది నిమిషాల్లో వస్తాయి. కరివేపాకుని ఊరికే పడేసిపోతారు, ప్లాస్టిక్ కవర్లో. ఎవడూ మూకుడు మీదికి వంగి కళ్ళు మూసుకోడు.

మొన్న జనవరిలో ఒక మధ్యాహ్నం మంచు విడిచాక అమ్మని తీసుకెళ్ళాను. మా లైను చుట్టూ రేకులు కట్టేశారు. చౌకీదారు అమ్మ చేతికర్ర చూసి, "పాంచ్ మినట్, అమ్మాజీ" అని లోపలికి వదిలాడు. ఇంటికి తలుపుల్లేవు, కిటికీల్లేవు. చెట్టు ఉంది. ముసలిదైపోయి ఒక పక్క తొర్ర పడింది, ఆకు లేదు, పసుప్పచ్చ కాయల గుత్తులు వేలాడుతున్నాయి. దాని మీద ఎవరో పెయింటుతో నంబరు వేశారు. ఉంచుతారో కొట్టేస్తారో చౌకీదారుకి తెలియదు. నాన్నగారుంటే ఆ నంబరు చూసి సంతోషించేవారు. డబ్బా మూత సగం బెరడులోకి వెళ్ళిపోయింది. 'కరివే' దాకా కనిపిస్తోంది, కింద హిందీ వాక్యం తుప్పులో కొంచెం కొంచెం.

అమ్మ దాన్ని వేలితో తడిమింది. "ఏం రాసుందే, హిందీలో?"

అరవయ్యేళ్ళ దాన్నైనా, నాకు నాన్నగారు స్టూలు మీంచి చూస్తున్నట్టే అనిపించింది. "కరివేపాకు అని రాసుందమ్మా."

అమ్మ చేతికర్ర నేలకేసి కొట్టి మరీ నవ్వింది. "ఓసి నీ అసాధ్యం కూలా! ఇంకా మీ నాన్నగారి మాట నిలబెడుతున్నావుటే? మీ ఇద్దరూ స్టూలెక్కి గుసగుసలాడిన మర్నాడే కూరగాయల భయ్యాతో చదివించుకున్నాను."

నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు గుండెల్లో దాచుకున్నదాన్ని నేను! "మరి తెలిసినప్పుడు ఆయనకి చెప్పొచ్చుగా? పాపం, ప్రతి శనివారం అంత దూరం తిరిగి, ఆ స్టూలెక్కి, ఆ నాటకమంతా..."

అమ్మ నవ్వు ఆపింది. పైకి, ఉత్త కొమ్మల్లోకి చూసింది.

"చెబితే కొనుక్కొచ్చేవారే. చెప్పలేదు కాబట్టి కోసుకొచ్చారు." చేతికర్ర మార్చి పట్టుకుని, "ఆ సొంత ఫ్లాటు మూడో అంతస్తు కదా, చెట్టూ లేదు, పుట్టా లేదు. అక్కడ కూడా ఆఖరి శనివారం దాకా 'కోసుకొచ్చానోయ్' అనే అన్నారు" అంది.

నేను అక్కడే ఏడ్చేశాను. చౌకీదారు ఐదు నిమిషాలన్నవాడు పక్కకి వెళ్ళి నిలబడ్డాడు. అమ్మ మాత్రం కొంగు తలమీదికి లాక్కుని, కాసేపు ఎండలో నిలబడదాం అంది.

ఇంటికొచ్చేసరికి మా ఆయన బాల్కనీలో చెమటలు కక్కుతున్నారు. ఆ షెల్ఫు ఊడదీసి, గోడకి ఇంకో నాలుగు చిల్లులు పెట్టి, మళ్ళీ బిగించారు. జుట్టంతా సున్నం. "అత్తయ్యగారికి కరివేపాకు కుండీ ఒకటి తెచ్చి ఇక్కడ పెడదామని," అన్నారు. తర్వాత నా చేతిలో నిమ్మకాయ ఉందేమోనని చూసి, కొంచెం భయంగా, "ఇప్పుడు సరిగ్గా ఉందా?" అన్నారు.

అటు కొసకన్నా ఇటు కొస వేలెడు దిగి ఉంది. లోపలి గదిలో అమ్మ దగ్గు ఆపుకుని వింటున్నట్టు తెలుస్తోంది.

"సమంగా ఉందండీ, బ్రహ్మాండంగా కుదిరింది" అన్నాను. బాల్కనీ మూల ఇంకా పడున్న ఆ నిమ్మకాయ తీసుకెళ్ళి వంటింట్లో పెట్టేశాను.